బండి కంపెనీ మార్చాలా, వద్దా? తేల్చుకోవడం ఎలా

మా చిన్నాయన కొత్త బండి కొందామని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. దారి పొడుగునా ఒకటే మాట: "మనది హీరో హోండా ఇల్లురా. వేరే బండి ముట్టేది లేదు." వెనక కూర్చున్న నేను, "సరే చిన్నాయనా, మరి ఏ షోరూముకు పోదాం? హీరోకా, హోండాకా?" అన్నాను. నారాయణగూడ దాటాక బండి పక్కకు ఆపి, హెల్మెట్ తీసి, చాలాసేపు రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాడు.

ఆయన్ని తప్పుపట్టలేం. ఆ రెండు కంపెనీలు విడిపోతున్నట్టు ప్రకటించింది 2010 డిసెంబరులో. మరుసటి ఏడాదే పేరు హీరో మోటోకార్ప్ అయింది. అయినా జనం నోట్లో హీరో హోండా అలాగే ఉండిపోయింది. చిన్నాయన ప్రాణం పెట్టుకున్న కంపెనీ ఇప్పుడు లేదు. ఆయన బండి మాత్రం ఉంది: 2008 నాటి స్ప్లెండర్, ఏపీ 09 నంబరు.

ఆ రోజు ఏ షోరూముకూ పోలేదు. ఇరానీ చాయ్ తాగి ఇంటికొచ్చేశాం. తర్వాత నెలన్నర పాటు ఇద్దరం కలిసి ఏమేం చూశామో, ఏ వరసలో చూశామో కింద రాస్తున్నాను. "మాది ఫలానా కంపెనీయే" అనే మాట మీ ఇంట్లోనూ ఉంటే, పాతది ఉంచాలా అమ్మాలా, అదే కంపెనీలో కొనాలా మారాలా అన్నది మీరూ ఇలాగే తేల్చుకోవచ్చు.

1. మీరు నమ్మేది దేన్నో ముందు కాగితం మీద పెట్టండి

"ఆ కంపెనీ బండ్లు గట్టివి" అని రాస్తే లాభం లేదు. ఏ బండి, ఏ సంవత్సరం, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎవరు నడిపారు, ఎవరు రిపేరు చేశారు, రోడ్డు మీద ఎన్నిసార్లు నిలబెట్టింది, ఇవి రాయండి. గుర్తు లేకపోతే ఇంట్లోవాళ్లను అడగండి. బండి మధ్యలో ఆగిపోయి తోసుకుంటూ వచ్చిన రోజును వెనక కూర్చున్నవాళ్లు ఎప్పటికీ మర్చిపోరు.

చిన్నాయన కాగితంలో ఇలా ఉంది: లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు. ఒకసారి ఇంజన్ బోరు పని. రెండుసార్లు క్లచ్ ప్లేట్లు. రోడ్డు మీద ఆగింది రెండుసార్లు, రెండుసార్లూ పెట్రోలు అయిపోయి. అడుగున, నేను అడక్కుండానే, "ముషీరాబాద్ భాయ్" అని రాసి గీత గీశాడు. భాయ్ అంటే ఆయన మెకానిక్. బండి కొన్నప్పటి నుంచీ వేరే చెయ్యి దాని మీద పడలేదు.

కాగితం చూస్తే విషయం తెలిసిపోతోంది. చిన్నాయన నమ్మకం మూడింటి మీద నిలబడి ఉంది. ఒకటి ఆ 97.2 సీసీ ఇంజన్, రెండు భాయ్ చెయ్యి, మూడు పుత్లీబౌలి కొట్లలో ఎప్పుడు అడిగినా లేదనకుండా దొరికే స్పేర్ పార్టుల సామాను. ట్యాంకు మీద ఉన్న పేరు నాలుగోది. కొత్త బండి కొనేటప్పుడు ఆ మూడూ మళ్లీ దొరుకుతాయా లేదా అని చూసుకోవాలి తప్ప, నాలుగోది ఒక్కటే చూసి డబ్బు కడితే లాభం లేదు.

మీ కాగితంలో వేరే సంగతులు తేలవచ్చు. మా ఆఫీసులో ఒకాయన "మేం బుల్లెట్ మనుషులం" అంటాడు. కూర్చోబెట్టి రాయిస్తే తేలిందేమిటంటే, బండి వాళ్ల నాన్నది, ఈయన నడిపింది పండగలకు, పెళ్లిళ్లకు. దాని మీద ఉన్నది ప్రేమ. ప్రేమ ఉండటం మంచిదే, కానీ రోజూ పొద్దున ఎనిమిదింటికి మియాపూర్ నుంచి గచ్చిబౌలికి తీసుకుపోవాల్సిన బండిని ప్రేమ చూసుకుని కొనకూడదు.

2. పేరు అదే ఉన్నా లోపల ఏం మారిందో కనుక్కోండి

తొందరపడకుండా చూడాల్సిన పని ఇది. మన దేశంలో బండ్ల పేర్లు బతికినంత కాలం ఇంజన్లు బతకలేదు.

హీరో హోండా జట్టు కట్టింది 1984లో. మరుసటి ఏడాది సీడీ 100 వచ్చింది. పెట్రోలు పోయించు, మూత వెయ్యి, మర్చిపో అనే అర్థం వచ్చే ప్రకటనతో అమ్మారు. 1994లో స్ప్లెండర్ వచ్చింది. సుమారు ఎనిమిది హార్స్‌పవర్ మాత్రమే ఇచ్చే చిన్న ఇంజన్ అది. దాని చేత ఎక్కువ పని చేయించుకోరు, అందుకే ఎక్కువ కాలం ఉంటుంది. విడిపోయాక స్ప్లెండర్ హీరో దగ్గరే ఉండిపోయింది. హోండా తన సొంత 100 సీసీ బండి, షైన్ 100ను 2023లో తెచ్చింది. కాబట్టి "హీరో హోండా మనుషులు" ఇప్పుడు రెండు షోరూముల్లోనూ అడుగు పెట్టాల్సిందే. ఇదే తరహాలో టీవీఎస్, సుజుకి 2001లో విడిపోయాయి. కవాసాకి బజాజ్ కూడా ఒకప్పటి మాట.

అందరికీ వర్తించే మార్పు ఇంకొకటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బండ్ల పొగలో కాలుష్యం తగ్గించాలనే బీఎస్6 నిబంధన వచ్చింది. దాంతో మనవాళ్లు రోజూ నడిపే బండ్లలో ఇంజన్‌కు పెట్రోలు అందించే కార్బురేటర్ పోయి, సెన్సార్లతో కొలిచి పెట్రోలు చల్లే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చిన్నాయన స్ప్లెండర్‌కూ ఇప్పటి స్ప్లెండర్‌కూ ఇదే పెద్ద తేడా. చోక్ లాగే పని లేదు, చలికాలంలో కూడా వెంటనే స్టార్ట్ అవుతుంది. కానీ స్క్రూడ్రైవర్‌తో ట్యూనింగ్ చేసే రోజులు కూడా పోయాయి. సెన్సారు చెడితే కంప్యూటర్ పెట్టి చూడాలి. బ్యాటరీ పూర్తిగా పడుకుంటే చాలా బండ్లు ఎంత తంటాలు పడ్డా లేవవు. ట్యాంకులో పెట్రోలు అడుగంటేదాకా నడిపే అలవాటు మానుకోవాలి, ఎందుకంటే లోపలి పంపు చల్లబడేది ఆ పెట్రోలుతోనే. పాత బండిని రిజర్వులో నడిపినట్టు దీన్ని నడపకూడదు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ సంగతి మరీ చిత్రం. 1955 నుంచి మద్రాసులో తయారవుతున్న బండి. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్లు చాలావాటికి గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవి. అలవాటు లేనివాడు ఎక్కితే బ్రేకు అనుకుని గేరు తొక్కేవాడు. 2009లో క్లాసిక్ 350 కొత్త ఇంజన్‌తో వచ్చింది. 2020లో మీటియర్‌తో మరో కొత్త ఇంజన్ మొదలై, 2021లో క్లాసిక్‌కూ, 2022లో హంటర్‌కూ అదే వేశారు. పాతది 346 సీసీ, ఇది 349 సీసీ. అంకెలో తేడా మూడే అనిపిస్తుంది, నడిపితే మాత్రం వేరే బండి. వణుకు తగ్గింది. ఆ "డుగ్ డుగ్" కూడా కొంత తగ్గింది. పాతవాళ్లు దీనికే ముఖం మాడ్చుకుంటారు, రోజూ నడిపేవాళ్లు దీనికే కొంటారు. "బుల్లెట్ అంటే ఆయిల్ కారుతుంది" అని మీ మామయ్య చెబితే, ఏ బుల్లెట్ అని అడగండి.

పల్సర్ 2001లో వచ్చింది. ఇప్పుడు ఆ పేరు మీద 125 నుంచి 400 దాకా బండ్లు ఉన్నాయి. అలాంటప్పుడు "పల్సర్ మంచిదేనా?" అనే ప్రశ్నకు జవాబు ఉండదు. మైసూరులో తయారైన జావా, యెజ్డీ 1996తో ఆగిపోయాయి. 2018లో జావా పేరుతో మళ్లీ వచ్చింది నీళ్లతో చల్లబడే 293 సీసీ కొత్త ఇంజన్. చేతక్ పేరు ఇప్పుడు ఎలక్ట్రిక్ స్కూటర్ మీద ఉంది. ఇక యమహా ఆర్‌ఎక్స్ 100 వాళ్లది వేరే మతం. ఆ బండి తయారీ 1996లోనే ఆగింది. దాని మీద భక్తితో యమహా షోరూముకు పోయి ఇప్పటి బండి కొంటే, కొన్నది బాగానే ఉండొచ్చు, కానీ భక్తికీ దానికీ సంబంధం లేదు.

కాబట్టి షోరూములో అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ ఇంజన్ మొదట ఏ సంవత్సరంలో, ఏ మోడల్లో వచ్చింది? ఇంకా ఏ మోడళ్లకు ఇదే వేస్తున్నారు? రెండు మూడేళ్లు రోడ్డు మీద తిరిగిన ఇంజన్ అయితే దాని రోగాలేంటో మెకానిక్‌లకు తెలిసిపోయి ఉంటాయి, కంపెనీ కూడా సరిచేసి ఉంటుంది. ఏ కంపెనీ అయినా సరే, మొదటి ఏడాది బండి నేనైతే కొనను. పదేళ్లు ఉంచుకోవాలనుకునేవాడికి ఒక ఏడాది ఆగడం కష్టం కాదు.

3. రోజుకు ఎంత తిరుగుతారో లెక్క వేయండి

మైలేజీ మీద మనకున్న పట్టింపులో సగం అలవాటే. లెక్క వేసి చూడండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి పోను పాతిక, రాను పాతిక అనుకుందాం. నెలకు 25 రోజులు, ఏడాదికి 15 వేల కిలోమీటర్లు. లీటరుకు 60 ఇచ్చే బండి 250 లీటర్లు తాగుతుంది. 35 ఇచ్చేది దాదాపు 429 లీటర్లు. లీటరు 107 రూపాయలు అనుకుంటే ఏడాదికి తేడా 19 వేల పైచిలుకు. ఐదేళ్లకు 95 వేలు. ఈ మనిషి మైలేజీ గురించి ఆలోచించాల్సిందే.

అదే హిమాయత్‌నగర్‌లో ఉండి ఆబిడ్స్ దాకా వెళ్లొచ్చేవాడు నెలకు 250 కిలోమీటర్లు కూడా తిరగడు. అతనికి ఏడాది తేడా నాలుగు వేల లోపే. అతను మైలేజీ పేరు చెప్పి మనసుకు నచ్చని బండి కొని, పదేళ్లు దాన్ని చూసి నిట్టూర్చడం అనవసరం.

చిన్నాయన అడిక్‌మెట్ నుంచి కోఠికి వెళ్తాడు. రోజుకు పన్నెండు కిలోమీటర్లు. లెక్క చూసి, "అయితే ఇన్నేళ్లు నేను దేనికి మిగిల్చినట్టురా?" అన్నాడు. నేను మాట మార్చాను.

4. పాత బండిని పొద్దున్నే చూడండి

రాత్రంతా నిలబెట్టిన బండే నిజం చెబుతుంది. వేడెక్కిన ఇంజన్ తప్పులు దాచేస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్లినప్పుడు కూడా ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారంటే ఏదో ఉంది.

స్టార్ట్ చేసి వెనక నిలబడి పొగ చూడండి. స్టార్ట్ కాగానే కొంచెం నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. రేజ్ చేసినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగులు, బోరు అరిగి ఆయిల్ తాగుతున్నట్టు. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది, ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ చూపించండి. చలికాలం పొద్దున కాసేపు తెల్లటి ఆవిరి వస్తే కంగారు వద్దు.

తర్వాత మెయిన్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా నొక్కి పట్టుకోమని, ముందు చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో ఎక్కడో గాడిలో పడినట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయాయి. మన స్పీడ్‌బ్రేకర్ల పుణ్యమా అని హైదరాబాద్ బండ్లకు మామూలుగా వచ్చే జబ్బు ఇది. వెనక చక్రం పట్టుకుని పక్కలకు ఊపండి, కదిలితే వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు లేదా బేరింగులు. వెనక స్ప్రాకెట్ మీద చైన్‌ను వేళ్లతో వెనక్కి లాగండి. సగం పన్ను బయటకు కనిపిస్తే సెట్ మొత్తం మార్చాలి. చైన్ ఒక్కటే మారిస్తే పాత పళ్లు దాన్ని కూడా తినేస్తాయి. ముందు ఫోర్కుల మీద నూనె తడి ఉంటే సీళ్లు. టైరు పక్కన నాలుగంకెల నంబరు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అరగకపోయినా ఆరేడేళ్లు దాటిన టైరు రాయిలా గట్టిపడి వానలో జారుతుంది.

ఇవన్నీ మార్చుకునేవే. బోరు, పిస్టన్ కూడా చేయించుకోవచ్చు. బండి ఆపేయాల్సింది ఎప్పుడంటే, ఇంజన్ లోపల తిరిగే క్రాంక్ దాకా పని వచ్చినప్పుడు, లేదా బండి చట్రానికి (చాసిస్‌కు) తుప్పు పట్టినప్పుడు. స్టాండు బిగించే చోట, స్వింగ్ ఆర్మ్ దగ్గర, సీటు కింద మట్టి గీకి చూడండి. పెయింటు ఉబ్బి ఉంటే నొక్కండి. వేలికి మెత్తగా తగిలితే ఇక దాని మీద డబ్బు పెట్టకండి.

చిన్నాయన బండిని భాయ్ కూడా చూశాడు. కోన్ సెట్, చైన్ సెట్, ఫోర్కు సీళ్లు చెప్పాడు. ఇంజన్ మీద చెవి పెట్టి విని, "టెన్షన్ నక్కో సాబ్, ఇంకా చానా తిరుగుతది" అన్నాడు.

5. కాగితాలు, పెట్రోలు

కొత్త బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి, గ్రీన్ టాక్స్ కట్టాలి. గడువు దాటిందని ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. ఆర్‌సీ బయటకు తీసి తేదీ చూడండి. పాత బండి ఉంచుకోవడానికయ్యే ఖర్చులో రెన్యువల్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా కలపండి. చిన్నాయన బండికి 2023లో గడువు తీరితే అప్పుడే చేయించాడు కాబట్టి 2028 దాకా ఇబ్బంది లేదు.

ఇంకొకటి, ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు శక్తి తక్కువ, కాబట్టి మైలేజీ కాస్త తగ్గుతుంది. గాల్లో తేమను కూడా పీల్చుకుంటుంది. పాత కార్బురేటర్ బండ్లలో రబ్బరు పైపులు, గాస్కెట్లు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైపులు మార్పించండి, బండిని సగం ట్యాంకుతో నెలల తరబడి సెల్లారులో పడేయకండి.

6. ఇంట్లో కొత్త మనసులు ఏం కోరుతున్నాయి?

చిన్నాయన కొడుక్కి ఇరవై మూడేళ్లు. వాడికి మైలేజీ మాటెత్తితేనే నిద్రొస్తుంది. శనివారం రాత్రి స్నేహితులతో అనంతగిరి, శ్రీశైలం ఘాట్ అని మాట్లాడుకుంటారు. ఈ తరానికి బండి అంటే ఆఫీసుకు పోయే వస్తువు ఒక్కటే కాదు. వాళ్ల నాన్నల కాలంలో స్కూటర్ నుంచి 100 సీసీకి మారారు, అదే అప్పట్లో పెద్ద తిరుగుబాటు. మా తాతయ్య మన ఊళ్లోనే తయారైన ఆల్విన్ పుష్పక్ స్కూటర్ తప్ప ఇంకోటి ఎక్కనని భీష్మించుకున్నాడట. ఆల్విన్ ఇప్పుడు ఒక కాలనీ పేరుగా, ఒక చౌరస్తా పేరుగా మిగిలింది.

రుచి మారిందని అనిపిస్తే వాదించకుండా అద్దెకు తీసుకుని రెండు రోజులు నడిపించండి. నగరంలో అద్దె బండ్లు సులభంగానే దొరుకుతాయి. శనివారం వికారాబాద్ పోయి రావాలి, సోమవారం అదే బండి మీద ఆఫీసుకు పోవాలి. సోమవారం నాటి అభిప్రాయమే తీసుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు మీదకు టూవీలర్లను రానివ్వరని గుర్తుంచుకోండి. అక్కడ వందలో దూసుకుపోతానని ఊహించుకుని పెద్ద బండి కొనేవాళ్లను నేను చూశాను.

బరువు సంగతి చెప్పాలి. స్ప్లెండర్ 112 కిలోలు, క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. నడుస్తున్నప్పుడు ఈ తేడా తెలియదు. అపార్ట్‌మెంట్ సెల్లారులో కారుకూ స్తంభానికీ మధ్య నుంచి వెనక్కి లాగేటప్పుడు తెలుస్తుంది. యాభై దాటినవాళ్లు షోరూములో బండిని తోసి, స్టాండు వేసి, మళ్లీ తీసి చూశాకే ధర అడగండి.

ఇంట్లో వెనక కూర్చునేవాళ్లనూ తీసుకెళ్లండి. మా చిన్నమ్మ ఒక బండి వెనక సీటు చూసి, "దీని మీద చీర కట్టుకుని ఎక్కాలంటే స్టూలు కూడా మీరే తేవాలి" అంది. అప్పటిదాకా చిన్నాయనకూ ఆయన కొడుక్కీ ఒకేలా నచ్చిన ఏకైక బండి అది. అక్కడితో అయిపోయింది.

7. ముందు సామాను అడగండి, తర్వాత బండి అడగండి

కంపెనీ మారాలనుకుంటే ఈ పని తప్పకుండా చేయండి. మీరు చూస్తున్న బండికి ఆరు వస్తువులు రాసుకోండి: క్లచ్ కేబుల్, చైన్ సెట్, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ లివర్, ఇండికేటర్, హెడ్‌లైట్. పడితే విరిగేవి, నడిస్తే అరిగేవి ఇవే. సర్వీస్ సెంటర్ కౌంటర్లో ఒక్కోదాని ధర, ఇప్పుడు ఉందా, లేకపోతే ఎన్ని రోజుల్లో వస్తుంది అని అడగండి. తర్వాత పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో బయట కొట్లలో అవే అడగండి. బయట దొరికితే ఒరిజినలేనా, ప్యాకింగ్ మీద ధర ఉందా చూడండి. ఎల్ఈడీ హెడ్‌లైట్ మొత్తం సెట్ ధర వింటే కొందరికి కొత్త మోడల్ మీద మోజు అక్కడే తీరిపోతుంది.

ఇంజన్ ఎంత గట్టిదైనా సామాను దొరక్కపోతే బండి గోడకు చేరగిలబడాల్సిందే. కాన్పూర్ ఎల్ఎంఎల్ మూతపడ్డాక ఆ స్కూటర్ ఉన్నవాళ్లకు ఇది అనుభవమే. 2020లో హార్లీ డేవిడ్‌సన్ మన దేశంలో తయారీ, అమ్మకాలు ఆపేస్తున్నట్టు చెప్పినప్పుడు, అంత ఖరీదు పెట్టినవాళ్లు కూడా సర్వీసు ఎవరు చేస్తారని బెంగపడ్డారు. ఆ తర్వాత హీరోతో ఒప్పందం కుదిరింది కాబట్టి సరిపోయింది.

మీ మెకానిక్‌ను కూడా అడగండి. "ఈ బండి చేస్తావా భాయ్?" అంటే చేస్తాననే అంటాడు. "ఈ బండ్లు నీ దగ్గరికి ఎక్కువగా దేనికొస్తాయి?" అని అడగండి. టకటకా రెండు మూడు జబ్బులు చెప్పాడంటే ఆ బండి అతనికి తెలుసు. ఆలోచించాడంటే మీ బండి మీదే నేర్చుకుంటాడు.

8. టెస్ట్ రైడ్ మధ్యాహ్నం తీసుకోండి

షోరూము చుట్టూ ఒక రౌండు కొడితే అన్ని బండ్లూ బాగుంటాయి. ఇంటికి పంపే సౌకర్యం ఉంటే మీ గల్లీలో, మీరు రోజూ పోయే రోడ్డు మీద నడపండి. మే నెల మధ్యాహ్నం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర మూడు నిమిషాలు ఆగితే ఇంజన్ వేడి కాళ్లకు ఎంత తగులుతుందో తెలుస్తుంది. రెండో గేరులో నడక వేగంతో పోనిచ్చి చూడండి, కొట్టుకుంటూ పోతోందా, మెత్తగా పోతోందా? వెనక మనిషితో బంజారా హిల్స్ ఎత్తు ఎక్కించండి. గుంతలో ఒకసారి కావాలనే దింపండి.

ఎయిర్ ఫిల్టర్ ఎంత ఎత్తులో ఉందో కూడా అడగండి. వానాకాలం మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కిందో, టోలిచౌకి దగ్గరో నిలిచిన నీళ్లలోకి దిగాల్సి రావచ్చు. నీళ్లలో బండి ఆగిపోతే సెల్ఫ్ నొక్కకండి, కిక్ కొట్టకండి. లోపలికి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోసుకుంటూ బయటకు తెచ్చి మెకానిక్‌ను పిలవండి.

9. బిల్లు

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు మించితే 40 శాతం. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి, అది అడక్కుండా ఒప్పుకోండి. మిగతా ప్రతి లైనూ దేనికని అడగండి. మూడేళ్ల కింద నేను బండి కొన్నప్పుడు, ఒక షోరూములో బిల్లులో "హ్యాండ్లింగ్" అని కొన్ని వేలు రాశారు. ఏం హ్యాండిల్ చేశారని అడిగితే ఆ అబ్బాయి నవ్వి, మేనేజర్‌ను అడిగి వచ్చి, కొట్టేశాడు. అడగనివాళ్లు కడుతూనే ఉంటారు.

10. కొన్న తర్వాత

మొదటి సర్వీసు తప్పించకండి. కొత్త ఇంజన్లో అరిగిన లోహపు పొడి ఆ ఆయిల్‌తోనే బయటకు పోవాలి. మాన్యువల్లో రాసిన గ్రేడు ఆయిలే పోయించండి. ఖరీదైనదని కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు, ఎందుకంటే గేర్ల బండికి క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటాయి.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ట్యాంకు నిండా పోయించిన రోజు కిలోమీటర్లు, మళ్లీ నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టింది, ఏ సామాను ఎప్పుడు మార్చారు. పదేళ్ల తర్వాత మీ ఇంట్లో ఎవరో "మాది ఈ కంపెనీయే" అన్నప్పుడు ఆ పుస్తకం వాళ్ల ముందు పెట్టవచ్చు.

చిన్నాయన చివరికి వేరే కంపెనీ 125 సీసీ బండి కొన్నాడు. ఏ కంపెనీదో రాయను. రాస్తే మీరు మొదటి తొమ్మిది పనులూ వదిలేసి ఆ షోరూముకే పోతారు. స్ప్లెండర్‌కు కోన్ సెట్, చైన్ సెట్ వేయించి ఉంచుకున్నాడు, పాల ప్యాకెట్లకు దాని మీదే వెళ్తాడు.

11. పాతది అమ్మేస్తే

అమ్మాలనుకుంటే లోన్ ఉన్న బండికి ముందు బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఫారం 35తో ఆర్‌సీలో లోన్ తీయించండి. పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు చేసి డబ్బు తీసుకుని ఊరుకోకండి. కొన్నవాడి ఆధార్ నకలు తీసుకోండి, బండి ఇచ్చిన తేదీ, టైము రాసి అతని చేత సంతకం పెట్టించుకోండి, పేరు మారేదాకా ఫోన్లు చేస్తూనే ఉండండి. నేను 2016లో నా మొదటి బండి అమ్మి, ఆ పని కొన్నవాడికే వదిలేశాను. రెండేళ్లపాటు నేనెప్పుడూ వెళ్లని రోడ్ల నుంచి నా పేరున చలాన్లు వచ్చాయి. ఒక ఫోటోలో ఎవరో ముగ్గురు, ముగ్గురికీ హెల్మెట్ లేదు, నా బండి మీద చాంద్రాయణగుట్ట వైపు నవ్వుకుంటూ పోతున్నారు. బండిని మాత్రం కొన్నవాడు నాకంటే బాగా కడిగి పెట్టుకున్నాడు.